ఇంట్లో పాట రికార్డు చేయడానికి ఏ సౌండ్ కార్డు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి

సౌండ్ కార్డు అంటే ఇక్కడ మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే బయటి పెట్టె. "ఏ సౌండ్ కార్డు కొనమంటారు?" అని అడిగినవాళ్ళకి నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఒకేసారి ఎన్ని మైకులు ఆన్‌లో ఉంటాయి? దీనికి జవాబు దొరికితే కొనాల్సింది ముప్పావు వంతు తేలిపోయినట్టే. చాలామంది అక్కడ మొదలుపెట్టరు. శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) 96 కిలోహెర్ట్జా, 192 కిలోహెర్ట్జా, ఏ కంపెనీ కన్వర్టర్ గొప్పది అని రాత్రంతా వీడియోలు చూసి బుర్ర వేడెక్కించుకుని, చివరికి ఎవరో చెప్పిన ఎనిమిది ఇన్‌పుట్ల కార్డు తెప్పించి, అందులో ఒక్క మైకు గుచ్చుకుని పాడుకుంటారు.

మన వైపు ఈ అవసరం ఇప్పుడు చాలామందికి ఉంది. విజయనగరం అంటే 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, గాత్రమో వయొలినో నేర్పేవాళ్ళు ఏ పేటకి వెళ్ళినా కనిపిస్తారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు తయారవుతాయి. శ్రీకాకుళం పల్లెల్లో తప్పెటగుళ్ళ బృందాలు, జముకుల కథ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇక ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు, భజన బృందాలు, కవర్ సాంగ్స్ పెట్టేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. వీళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో రకం సామాను కావాలి. అందుకే ఫలానా మోడల్ కొనేయండి అని ఒక్క ముక్కలో చెప్పకుండా, ఎలా తేల్చుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి

వచ్చే ఏడాదిలో మీరు నిజంగా రికార్డు చేయబోయేదేంటో రాసుకోండి. ఎప్పుడో బ్యాండ్ పెడతాం అన్న ఊహని ఇందులో కలపకండి.

కరోకే మీదో, ట్రాక్ మీదో ఒక్కరే పాడితే ఒక మైకు ఇన్‌పుట్ చాలు. పాడుతూ గిటారో హార్మోనియమో వాయిస్తే రెండు కావాలి. గాత్రం, వయొలిన్, మృదంగం ముగ్గురూ కలిసి కూర్చుంటే కనీసం మూడు, మృదంగానికి రెండు వైపులా మైకు పెట్టాలనుకుంటే నాలుగు. ఇక్కడ ఒక చిక్కుంది. రెండు ఇన్‌పుట్ల కార్డుతో కూడా కచేరీ రికార్డు చేయొచ్చు, కాకపోతే ఒకరి తర్వాత ఒకరు వాయించాలి. సినిమా పాటకి ఆ పద్ధతి నడుస్తుంది. కల్పనస్వరాల్లో గాత్రం వదిలింది వయొలిన్ అందుకోవాలి కదా, అక్కడ విడివిడిగా వాయిస్తే ప్రాణం పోతుంది. అలాంటి పని ఎక్కువగా ఉందనుకుంటే మాత్రం నాలుగు ఇన్‌పుట్లకి డబ్బు పెట్టండి.

కీబోర్డు వాయించేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కీబోర్డు స్టీరియో అవుట్‌పుట్ రెండు ఇన్‌పుట్లూ మింగేస్తుంది, పాడేవాళ్ళ మైకుకి చోటుండదు. కీబోర్డుకి యూఎస్‌బీ పోర్టు ఉంటే దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి మిడీగా, అంటే శబ్దం కాకుండా ఏ మీట ఎప్పుడు నొక్కారన్న సమాచారంగా, రికార్డు చేసుకోండి. అప్పుడు సౌండ్ కార్డు మొత్తం గొంతుకే మిగులుతుంది, పైగా తప్పు పడిన స్వరాన్ని తర్వాత దిద్దుకోవచ్చు కూడా.

తప్పెటగుళ్ళ విషయంలో చాలామంది తప్పు లెక్క వేస్తారు. అంతమంది గుండెల మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో గంతులేస్తూ వాయిస్తారు కాబట్టి బోలెడు మైకులు కావాలనుకుంటారు. గంతులేసే మనిషికి వైరు మైకు ఎక్కడ పెడతారు? బయట మైదానంలో, బృందానికి కొంచెం దూరంగా, రెండు మైకులు స్టీరియోగా పెడితే ఆ మోత, ఆ అడుగు, అందరూ కలిసి అందుకునే చరణం అన్నీ పడతాయి. అంటే రెండు ఇన్‌పుట్లే. ఇంకా చెప్పాలంటే ఊరూరా తిరిగి ఇలాంటివి రికార్డు చేయాలనుకునేవాళ్ళకి ల్యాప్‌టాప్, కార్డు కంటే బ్యాటరీ మీద నడిచే చేతి రికార్డరే మేలు. జూమ్ హెచ్4ఎన్ లాంటి వాటిలో మైకులు దానికే ఉంటాయి, బయటి మైకులు రెండు గుచ్చుకోవచ్చు, ఇంటికొచ్చాక యూఎస్‌బీతో కలిపితే సౌండ్ కార్డులా కూడా పనిచేస్తాయి.

2. గదినీ కరెంటునీ చూసుకోండి

కార్డు కొనక ముందే ఈ పని చేయాలి, ఎందుకంటే దీన్నిబట్టి ఏ మైకు కొనాలో మారుతుంది.

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్ట కొట్టండి. స్లాబు ఇల్లు, టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉంటే చప్పట్ట తర్వాత టింగుమని ఒక తోక వినిపిస్తుంది. ఆ తోక మీ ప్రతి పాటలోనూ ఉంటుంది, ఏ ప్లగిన్‌తోనూ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) పూర్తిగా పోదు. "ఏటండీ, ఇంత డబ్బెట్టి మైకు కొన్నా గొంతు బాత్రూమ్‌లోంచి వస్తున్నట్టుంది" అనేవాళ్ళందరి బాధా ఇదే. దీనికి ఫోమ్ ముక్కలు కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న పరుపు ఒకటి నిలబెట్టండి, బొంతలు, రజాయిలు దండేనికి వేలాడదీయండి, బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి పెట్టండి. వీటిని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం ముఖ్యం. మైకు వెనక కంటే పాడే మనిషి వీపు వెనక పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది, ఎందుకంటే మామూలు మైకు తన ముందున్న వైపే వింటుంది, అంటే మీ మొహాన్నీ మీ వెనక ఉన్న గోడనీ. గుడ్ల అట్టలు అతికిస్తే బయటి శబ్దం ఆగుతుందన్నది ఉత్త మాట.

బయటి శబ్దం ఆపడం నిజంగా కష్టమే. స్టేషన్ దగ్గర ఇల్లయితే చెన్నై–హౌరా లైను మీద రైలు కూతలు ఎలాగూ తప్పవు, రేకుల ఇల్లయితే వానాకాలం రికార్డింగ్ మర్చిపోవచ్చు, ధనుర్మాసంలో తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉంటుందిలే అనుకుని లేచారో, గుళ్ళో మైకులోంచి తిరుప్పావై మొదలవుతుంది. మీ ఇల్లు ఇలాంటిదైతే కండెన్సర్ మైకు జోలికి వెళ్ళకండి, అది వీధి చివర ఆటో హారన్ కూడా పట్టేస్తుంది. నోటికి దగ్గరగా పెట్టుకుని పాడే డైనమిక్ మైకు తీసుకోండి, ష్యూర్ ఎస్‌ఎం 58 లాంటిది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆడియో టెక్నికా ఏటీ 2020 లాంటి కండెన్సర్ వీణకీ గాత్రానికీ కూడా బాగుంటుంది. ఫ్యాన్ ఎలాగూ ఆపాలి. మే నెలలో మన ఉక్కపోతకి అది నరకం, అందుకే చిన్న చిన్న టేకులుగా పాడండి.

ఇక కరెంటు. స్పీకర్లలోనో హెడ్‌ఫోన్లలోనో సన్నగా "భుం..." అని మోగుతుంటే అది మన కరెంటు 50 హెర్ట్జ్ హమ్. పరీక్ష సులువు: ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. హమ్ పోయిందంటే తప్పు మీ కార్డుది కాదు, చార్జర్‌దో ఎర్తింగ్‌దో. పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ లోపల ఎర్త్ వైరు ఉండదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే గోల వస్తుంటే అది స్క్వేర్ వేవ్ రకమేమో చూడండి, సైన్ వేవ్ రకంతో ఆ బాధ తక్కువ. అన్నిటికంటే తేలిక మార్గం ఒకటుంది. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే కార్డు కొనుక్కుని, రికార్డింగ్ వేళ ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపడం. హమ్ ఉండదు, మధ్యలో కరెంటు పోయినా టేకు పోదు. నాలుగు మైకుల కార్డులు చాలావాటికి విడిగా అడాప్టర్ కావాలి, లెక్క వేసేటప్పుడు దాన్ని కూడా చూసుకోండి.

3. కార్డు అట్టపెట్టె మీద ఏం చదవాలి

మొదటిది మైకు ఇన్‌పుట్ల సంఖ్య, దాన్ని సరిగ్గా చదవాలి. "2 ఇన్ 2 అవుట్" అని రాసి ఉన్నంత మాత్రాన రెండు మైకులు పడతాయని కాదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, ఎం-ఆడియో ఎం-ట్రాక్ సోలో లాంటి వాటిలో మైకు ఒక్కటే, రెండోది గిటార్‌కో లైన్‌కో పనికొచ్చే ఇన్‌పుట్. ఇద్దరు పాడాలనుకుని సోలో కొని బాధపడేవాళ్ళు చాలామంది. మూడు రంధ్రాల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఎన్ని ఉన్నాయో ఫొటోలో లెక్కపెట్టుకోండి.

రెండోది 48 వోల్టుల ఫాంటమ్ పవర్. కండెన్సర్ మైకు అది లేకపోతే నోరెత్తదు. మైకు గుచ్చాక 48 వోల్టుల బటన్ నొక్కండి, తీసేముందు ఆపేయండి. ఫోన్‌కి ఓటీజీతో కార్డు పెట్టి పాడాలనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి, కొన్ని ఫోన్లు అంత కరెంటు ఇవ్వలేవు, కార్డు వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంది.

మూడోది గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని కార్డు ఎంత పెంచగలదన్నది. దీన్ని ఎవరూ చూడరు. ష్యూర్ ఎస్‌ఎం7బీ అని పాడ్‌కాస్టుల్లో అందరి ముందూ కనిపించే నల్ల మైకు ఉంది కదా, దానికి కనీసం 60 డీబీ (డెసిబెల్) గెయిన్ కావాలని ఆ కంపెనీయే చెబుతుంది. నాలుగో తరం స్కార్లెట్ సోలోలో ఉన్నది 57 డీబీ, అదే తరం 2ఐ2లో 69. కాబట్టి ఆ మైకు మీద మనసు పడితే కార్డు కూడా దానికి తగ్గట్టే ఉండాలి. కండెన్సర్ మైకు వాడేవాళ్ళకి ఈ టెన్షన్ లేదు, వాటి సిగ్నల్ గట్టిగానే వస్తుంది. మెత్తగా మాట్లాడే మనిషి డైనమిక్ మైకు పెట్టుకుంటేనే ఇబ్బంది.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, డ్రైవర్, అంటే కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాట కలిపే ప్రోగ్రామ్. విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కార్డుతో వేగంగా మాట్లాడాలంటే ఏసియో డ్రైవర్ కావాలి. అది స్టైన్‌బర్గ్ కంపెనీ పెట్టిన పద్ధతి. మంచి కార్డులు సొంత ఏసియో డ్రైవర్ ఇస్తాయి. బాగా చవక రకాలు చాలావాటికి అది ఉండదు, ఏసియో4ఆల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సర్దుకోవాలి, అది ఒకరోజు పనిచేస్తుంది, ఇంకోరోజు అలుగుతుంది. కొనే ముందు కంపెనీ సైటులోకి వెళ్ళి మీ విండోస్‌కి డ్రైవర్ ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే ఇది మరీ ముఖ్యం. మ్యాక్ వాళ్ళకి కోర్ ఆడియో ఎలాగూ ఉంది, హాయి.

డైరెక్ట్ మానిటర్ బటన్ ఉండాలి. మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి వచ్చేలోపు కొంచెం ఆలస్యం అవుతుంది, ఆ బటన్ నొక్కితే గొంతు కార్డు నుంచి నేరుగా హెడ్‌ఫోన్లోకి వస్తుంది. గమకాలు పాడేవాళ్ళకి ఆ కొద్ది ఆలస్యం కూడా నరాలు తెంపేస్తుంది, పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళని ఈ బటనే కాపాడుతుంది. వీణకో గిటార్‌కో అతికించిన పికప్ (వాద్యం కంపనాన్ని పట్టే చిన్న పరికరం) వాడేవాళ్ళు "ఇన్‌స్ట్" లేదా "హై-జీ" అని ఉన్న ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోవాలి. పికప్ వైరుని మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే వీణ నాదం పలచగా, రేకు డబ్బాలా వస్తుంది. నన్నడిగితే బొబ్బిలి వీణ లాంటి పనస చెక్క వాద్యాన్ని పికప్‌తో కాకుండా అడుగు దూరంలో మైకు పెట్టి రికార్డు చేయాలి. ఒంటి చెక్కతో చేసిన ఆ కుండలోంచి వచ్చే గాలి, చెక్క శబ్దం పికప్‌కి అందవు.

అమెరికాలో ఉన్న పిల్లలకి ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పేవాళ్ళయితే లూప్‌బ్యాక్ ఉన్న కార్డు చూడండి, కంప్యూటర్‌లో మోగే తంబూరా, మీ గొంతు కలిపి అవతలికి పంపుతుంది. జూమ్ కాల్‌లో "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేయడం కూడా మర్చిపోకండి, లేకపోతే తంబూరాని ఫ్యాన్ చప్పుడనుకుని జూమ్ దాన్ని నొక్కేస్తుంది.

192 కిలోహెర్ట్జ్ సంగతి? పట్టించుకోకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఉంటే చాలు, ఇంటి స్టూడియోకి అంతకు మించి అవసరం లేదు. యూఎస్‌బీ 2 అని రాసి ఉన్నా భయపడక్కర్లేదు, రెండు నాలుగు చానళ్ళకి అది ధారాళంగా సరిపోతుంది.

4. ఏవి కొనకూడదు, ఏవి కొనొచ్చు

ముందు కొనకూడనివి. ఆన్‌లైన్‌లో "వి8 సౌండ్ కార్డు" అని రంగురంగుల లైట్లతో, చప్పట్ల శబ్దం, నవ్వుల శబ్దం బటన్లతో చవగ్గా దొరుకుతుంది. అది ఫోన్‌లో లైవ్ పెట్టేవాళ్ళ బొమ్మ. పాట రికార్డింగ్‌కి పనికిరాదు. యూఎస్‌బీ మైకు చెడ్డది కాదు, క్లాసులు చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ రేపు రెండో మైకు కావాలంటే దారి మూసుకుపోతుంది, విండోస్‌లో రెండు యూఎస్‌బీ మైకులు ఒకేసారి నడపడం తలనొప్పి.

ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర మిక్సర్ ఉంటుంది, దాని వెనక యూఎస్‌బీ పోర్టు చూసి "మనకి కార్డు అక్కర్లేదు" అంటారు. చిన్న మిక్సర్లు చాలావరకు అన్ని మైకులనీ కలిపి స్టీరియోగా మాత్రమే కంప్యూటర్‌కి పంపుతాయి. గొంతు, తబలా, కీబోర్డు అన్నీ ఒకే ముద్ద. తర్వాత తబలా తగ్గిద్దామంటే కుదరదు. అమ్మవారి పండగ ప్రోగ్రామ్ రికార్డు చేసుకోవడానికైతే అది చాలు, పాట కట్టడానికి చాలదు. మిక్సర్ మాన్యువల్‌లో "మల్టీట్రాక్ యూఎస్‌బీ" అని ఉంటే మాత్రం మీరు అదృష్టవంతులు.

ఇక కొనదగ్గవి. డబ్బు గట్టిగా లేదంటే బెరింగర్ యూఎంసీ 202 హెచ్‌డీ, రెండు మైకులు పడతాయి, సొంత డ్రైవర్ ఉంది, చూడ్డానికి మోటుగా ఉన్నా పని చేస్తుంది. నాలుగు మైకులకి దాని అన్నయ్య 404 హెచ్‌డీ. ఇంకొంచెం పెట్టగలిగితే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, ఆడియంట్ ఈవో 4, మోటు ఎం2, ఈ మూడిట్లో ఏది దొరికినా కళ్ళుమూసుకుని తీసుకోవచ్చు. ఈవో 4లో స్మార్ట్‌గెయిన్ అని ఉంది, బటన్ నొక్కి కాసేపు పాడితే గెయిన్ అదే పెట్టేస్తుంది, ఒంటరిగా రికార్డు చేసుకునే వీణ టీచర్లకి ఇది వరం. మోటు ఎం2 ముందు చిన్న తెర మీద లెవెల్ కనిపిస్తుంది. ఈ మూడింటి శబ్దంలో తేడా మీ గదిలోని ప్రతిధ్వని ముందు దిగదుడుపు, కాబట్టి ఆ రోజు ఏది తక్కువకి వస్తే అది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే జీఎస్‌టీ బిల్లు, ఇండియా వారంటీ ఉన్నాయో లేదో చూసి తెప్పించండి. విశాఖలో దుకాణానికి వెళ్ళగలిగితే మీ మైకు, మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి అక్కడే గుచ్చి చూడండి, మొహమాటపడకండి.

డబ్బంతా కార్డు మీద పెట్టేయకండి. మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, గట్టి స్టాండు, "ప", "బ" అక్షరాల దగ్గర గాలి తన్నకుండా పాప్ ఫిల్టర్, చెవులు మూసే వైరు హెడ్‌ఫోన్లు, వీటికి మిగలాలి. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ లాంటివి మొదటికి చాలు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో రికార్డింగ్ జరగదు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, మీరు తాళం కంటే వెనకబడి పాడతారు. తీరం దగ్గర ఊళ్ళవాళ్ళు, అంటే కళింగపట్నం, బారువ లాంటి చోట్ల ఉన్నవాళ్ళు, కండెన్సర్ మైకుని పని అయ్యాక స్టాండు మీద వదిలేయకుండా మూతగట్టి డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టుకోవాలి, ఉప్పుగాలి, తేమ మైకు పొరని పాడుచేస్తాయి.

5. సాఫ్ట్‌వేర్

దీని మీద జరిగినన్ని గొడవలు ఏ హీరో ఫ్యాన్స్ మధ్యా జరగవేమో. నిజానికి రికార్డు చేసే పని అన్నీ ఒకేలా చేస్తాయి. మీ కంప్యూటర్ ఏది, మీరు పాడతారా లేక వాయిద్యాలతో ట్రాక్ కడతారా, ఈ రెండూ చూసుకుంటే చాలు.

విండోస్ ల్యాప్‌టాప్, గాత్రం, వాద్యం ఇవే మీ పని అయితే రీపర్ వేసుకోండి. చాలా చిన్న ఫైలు, పాత మెషీన్ మీద కూడా పరిగెడుతుంది, 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడొచ్చు, ఆ తర్వాత ఇంట్లో వాడేవాళ్ళకి లైసెన్సు 60 డాలర్లు. ఈక్వలైజర్, కంప్రెసర్, పిచ్ దిద్దేది అన్నీ దాంతోనే వస్తాయి. లోపం ఏంటంటే దాంతో పాటు తబలా, స్ట్రింగ్స్ లాంటి వాయిద్యాల శబ్దాలు రావు, అవి వేరేగా తెచ్చుకోవాలి. చూడ్డానికి కూడా కొంచెం గవర్నమెంటు ఆఫీసులా ఉంటుంది.

బీట్లు కట్టి, కీబోర్డుతో పాట మొత్తం తయారుచేసేవాళ్ళకి ఎఫ్ఎల్ స్టూడియో నచ్చుతుంది. ఒకసారి కొంటే ఆ తర్వాత అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. కానీ జాగ్రత్త, అందులో అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో మైకు రికార్డింగ్ లేదు, గొంతు రికార్డు చేయాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. మ్యాక్ ఉన్నవాళ్ళు ఏమీ ఆలోచించకుండా గ్యారేజ్‌బ్యాండ్ తెరవండి, అది ఉచితం, ఎదిగాక లాజిక్ ప్రోకి వెళ్ళినా ఆ ప్రాజెక్టులు అందులో తెరుచుకుంటాయి. లైనక్స్ వాడే ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకి ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆడాసిటీ ఒక గొంతుని రికార్డు చేసి, కత్తిరించి, శుభ్రం చేసుకోవడానికి బాగుంటుంది, హరికథో ప్రవచనమో ఎక్కించేవాళ్ళకి చాలు. ట్రాకుల మీద ట్రాకులు పేర్చి పాట కట్టాలంటే చేతులు కట్టేసినట్టుంటుంది.

కార్డుతో పాటు ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్ కోడ్ పారేయకండి. స్టైన్‌బర్గ్ యూఆర్ కార్డులతో క్యూబేస్ ఏఐ, స్కార్లెట్‌తో ఏబుల్టన్ లైవ్ లైట్ వస్తాయి. ట్రాకులకి పరిమితి ఉన్నా మొదటి ఏడాది అది అడ్డం కాదు. ప్రో టూల్స్ నేర్చుకోవాలని ఉంటే ఇంట్రో అనే ఉచిత రకంలో ఎనిమిది ఆడియో ట్రాకులు దొరుకుతాయి. హైదరాబాద్ స్టూడియోల్లో అదే వాడతారు కాబట్టి మనమూ అదే వాడాలన్న రూలేమీ లేదు, వాళ్ళకి కావలసింది మీ వేవ్ ఫైళ్ళు (కుదించని ఆడియో ఫైళ్ళు), మీ ప్రాజెక్టు కాదు.

క్రాక్ వెర్షన్లు వద్దు. నీతి పాఠం చెప్పడం లేదు. వైరస్ సంగతి అటుంచితే, అవి అప్‌డేట్ అవ్వవు, ప్లగిన్లు మధ్యలో చచ్చిపోతాయి, పెళ్ళి పాట రేపు పొద్దున్న ఇవ్వాలనగా రాత్రి ప్రాజెక్టు తెరుచుకోదు.

6. గుచ్చాక చేయాల్సినవి

కార్డుని ల్యాప్‌టాప్ పోర్టుకే నేరుగా పెట్టండి, హబ్‌లు వద్దు. డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఆడియో డివైస్ దగ్గర ఏసియో ఎంచుకుని, మీ కార్డు పేరు పెట్టండి.

శాంపిల్ రేటు వీడియో కోసమైతే 48, పాట ఒక్కటే అయితే 44.1. ప్రాజెక్టు మొదట్లోనే పెట్టేసి మళ్ళీ ముట్టుకోకండి. 44.1లో ఉన్న కరోకే ట్రాక్ ఏదో తేడా వల్ల 48లో మోగితే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది, వేగం కూడా పెరుగుతుంది. "ట్రాక్ శ్రుతి మారిపోయింది, గొంతు అందడం లేదు" అనిపిస్తే ముందు ఇక్కడే చూడండి.

బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో అందుకునే శాంపిళ్ళ సంఖ్య) రికార్డింగ్‌కి 128, మిక్సింగ్‌కి 512 లేక 1024. లెక్క తేలిక: 256 శాంపిళ్ళని 48,000తో భాగిస్తే 5.3 మిల్లీసెకన్లు, వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, దాని మీద కార్డు సొంత ఆలస్యం కొంచెం. 128లో టిక్కు టిక్కుమని చప్పుళ్ళొస్తే ల్యాప్‌టాప్ అందుకోలేకపోతోందని అర్థం, 256కి పెంచి డైరెక్ట్ మానిటర్ నొక్కుకోండి, వైఫై ఆపేయండి. డైరెక్ట్ మానిటర్ ఆన్‌లో ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది, అది కార్డు జబ్బు కాదు.

గెయిన్ పెట్టేటప్పుడు అందరూ "హలో హలో మైక్ టెస్టింగ్" అంటారు, ఆ తర్వాత తారస్థాయి షడ్జమం అందుకోగానే ఎర్ర లైటు వెలుగుతుంది. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే వరస ఏదో అదే పాడండి, మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ తిప్పండి. 24 బిట్‌లో మెత్తగా రికార్డైనా తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలిన శబ్దం మాత్రం పొంగి పొయ్యిలో పడ్డ పాలే, ఎత్తి గిన్నెలో పోయలేం.

తంబూరా యాప్‌ని స్పీకర్లో పెట్టి పాడకండి, అది గొంతు మైకులోకి పడి తర్వాత ఏ ముక్కా అతకదు, హెడ్‌ఫోన్లోనే వినండి. మెట్రోనోమ్ వాడితే తాళానికి తగ్గట్టు టైమ్ సిగ్నేచర్ మార్చండి, మిశ్రచాపుకి 7/8 పెట్టుకుంటే గీతలు సరిగ్గా పడతాయి, ఎడిటింగ్ సులువవుతుంది. జముకుల కథ లాంటి వాటికి క్లిక్ ఆపేయండి, కథకుడి నడకే తాళం.

7. కొన్న వారంలోపే చేయాల్సిన పరీక్ష

వాపసు గడువు ఉండగానే ఒక అరగంట పాటు ఆపకుండా రికార్డు పెట్టండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో నిమిషానికి 8.64 ఎంబీ పడుతుంది, కాబట్టి అరగంటకి దాదాపు 260 ఎంబీ. మధ్యలో కార్డు తెగిపోతోందా, చిటపటలు ఉన్నాయా, రెండు ఇన్‌పుట్లూ ఒకేలా పనిచేస్తున్నాయా, ఫాంటమ్ రెండింటికీ వస్తోందా, గెయిన్ సగం దాటాక సుస్‌మనే చప్పుడు ఎంతుంది అన్నవి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. తేడా ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపేయండి.

ఆ పరీక్ష ఫైలుతోనే ఇంకో పని నేర్చుకోండి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో మిక్సింగ్ చేసేవాళ్ళకి పంపాలంటే ప్రతి ట్రాకునీ విడిగా, 24 బిట్ వేవ్‌గా, ఎఫెక్టులు తీసేసి, అన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా ఎగుమతి చేయాలి. చరణంలో మాత్రమే వచ్చే వేణువైనా సరే, ముందున్న ఖాళీతో సహా పంపాలి, లేకపోతే ఎక్కడ అతికించాలో అవతలివాళ్ళకి తెలియదు. ఫైలు పేర్లలో పాట పేరు, వాయిద్యం, శాంపిల్ రేటు ఉండాలి. "ఫైనల్ కొత్త 2" లాంటి పేర్లు వద్దు. యూట్యూబ్‌కి మీరే ఎక్కిస్తుంటే శబ్దం మరీ గట్టిగా తోయకండి, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తంగా ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉంటే వాళ్ళే తగ్గించేస్తారు.

ప్రతి రికార్డింగ్ అయ్యాక ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తాన్ని, అంటే ప్రాజెక్టు ఫైలు ఒక్కటే కాదు, వేవ్ ఫైళ్ళతో సహా, ఒక బయటి హార్డ్ డిస్కులోకి, ఇంకోటి గూగుల్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి, తుఫాను హెచ్చరిక వస్తే హార్డ్ డిస్కు, కార్డు, మైకు మూడూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీదకి ఎక్కించండి, కార్డు బిల్లు ఫొటో మాత్రం ఫోన్లో ఉంచుకోండి, వారంటీకి అదే అడుగుతారు.